లిఫ్టు పక్క గదిలో చెవి పరీక్ష

పిల్లల ఆసుపత్రిలో ఆమె అసలు పేరు ఆఫీసు వాళ్ళకు తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు. ఆయాల దగ్గర నుంచి పెద్ద డాక్టర్ల వరకు అందరికీ ఆమె ఉష్షక్క. పసిపిల్లలకు చెవి పరీక్ష చేసే గదిలో ఏళ్ళ తరబడి టెక్నీషియనుగా ఉంది. పరీక్ష సాగాలంటే బిడ్డ నిద్రపోవాలి, బిడ్డ నిద్రపోవాలంటే వరండాలో చెప్పుల చప్పుడు కూడా ఉండకూడదు. అందుకని తలుపు సందులోంచి తల బయటపెట్టి, పెదవుల మీద వేలుంచి "ఉష్" అనడమే ఆమె ఉద్యోగంలో సగం. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్ద అధికారిని కూడా అలాగే ఉష్‌మంది. ఆయన కిక్కురుమనకుండా చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వెళ్ళాడని ఆయాలు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. చెప్పులు చేత్తో పట్టుకున్న ముక్క మాత్రం ఆయాలు కలిపిందే.

ఇంట్లో ఆ వేలికి పూచికపుల్ల విలువ కూడా లేదు. భర్త బస్సు డ్రైవరు. ఇంజను రొద మీద మాట్లాడీ మాట్లాడీ ఆయన గొంతు అలా స్థిరపడిపోయింది. మంచినీళ్ళు అడిగినా పక్కింటివాళ్ళు గ్లాసు తెచ్చేటట్టు ఉంటుంది. అత్తగారికి వినికిడి తగ్గి చాలా కాలమైంది. ఉష్షక్క తెచ్చిన చెవి మిషను "ఈగ దూరినట్టుందే అమ్మా" అని తీసి కళ్ళజోడు పెట్టెలో దాచేసి, టీవీని కిటికీ అద్దాలు అదిరేలా పెట్టుకుంటుంది. పైగా "ఊళ్ళో పిల్లలందరి చెవులూ చూస్తావు, నన్ను పట్టించుకోవు" అని నిష్ఠూరం.

పరీక్ష ఎలా చేస్తారో తల్లిదండ్రులకు చెప్పే పని కూడా ఉష్షక్కదే. పసిబిడ్డను నీకు వినపడిందా అని అడగలేం కదా. అందుకని చెవిలో చిన్న గొట్టం పెట్టి టిక్కు టిక్కుమని శబ్దం పంపిస్తారు. చెవి విన్నదంటే అక్కడి నుంచి మెదడుకు వెళ్ళే నరంలో కాస్త కరెంటు పుడుతుంది. నుదుటి మీదా చెవుల వెనకా అతికించిన బిళ్ళలు దాన్ని పట్టుకుంటాయి. ఆ కాస్త ఎంతంటే, ఒక వోల్టును పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క కన్నా తక్కువ. తల్లిదండ్రులకు ఈ లెక్క ఎక్కదు. అందుకని ఆమె ఇంకోలా చెప్పేది.

"సంత మధ్యలో నిలబడ్డామనుకోండి. గోడ అవతల ఎవరో గుసగుసగా ఒక మాట చెప్తున్నారు. ఒకసారి వింటే మనకేం తెలుస్తుంది? అదే మాట వేలసార్లు చెప్పించుకుంటే? సంతలో గోల ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. గుసగుస మాత్రం ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. అన్నీ కలిపి సగటు తీస్తే గోలకి గోల కొట్టుకుపోయి, గుసగుస మిగులుతుంది. ఈ తెర మీద గుట్టలా లేచేది అదే."

పాత గది కింది అంతస్తులో, ఉతికిన దుప్పట్లు పెట్టే కొట్టు పక్కన, ఎవరూ తొంగిచూడని మూల ఉండేది. గోడలు పెచ్చులూడినా గీతలు మాత్రం చక్కగా వచ్చేవి. కొత్త భవనం లేచాక చెవుల విభాగాన్ని మూడో అంతస్తుకు మార్చారు. కొత్త గదికి కొత్త రంగులు, ఏసీ, మీట నొక్కితే లేచే మంచం. పనిలో పనిగా మిషను కంపెనీ మనిషి వచ్చి కంప్యూటరులో పాత ప్రోగ్రాము తీసేసి కొత్తది ఎక్కించి వెళ్ళాడు. ఉష్షక్క కూడా మురిసిపోయింది. నడుం వంచకుండా బిడ్డను పడుకోబెట్టవచ్చని మంచాన్ని రెండుమూడు సార్లు ఊరికే ఎత్తి దించింది.

ఆ గదిలో మొదటి వారంలోనే వచ్చింది కుట్టుపని చేసే ఒక అమ్మాయి, చంకలో నాలుగు నెలల పాపతో, వెంట అత్తగారితో. భర్త ఇళ్ళకు రంగులు వేస్తాడు, పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. పాప పుట్టినప్పుడు చేసిన చిన్న పరీక్షలో సందేహం ఉందన్నారని ఇక్కడికి పంపారు. పాప బుద్ధిగా నిద్రపోయింది. ఉష్షక్క బిళ్ళలు అతికించి శబ్దం పంపింది. తెర మీద గుట్ట లేవలేదు. శబ్దం పెంచినా గజిబిజి గీతే తప్ప గుట్ట లేదు. ఇంకో చెవీ అంతే.

చెవుల డాక్టరమ్మ ఆ గీతలు చూసి తల్లికి నెమ్మదిగా చెప్పింది. "ఈ పరీక్షలో స్పందన రాలేదమ్మా. ఒక్క పరీక్షతో తేల్చేయం, కొన్నాళ్ళకి మళ్ళీ చేస్తాం. ఈలోపు చెవి మిషనుకి కొలతలు తీసుకుంటే మంచిది."

డాక్టరమ్మ నాలుగు మాటలు చెప్పింది, తల్లి చెవికి మొదటిది ఒక్కటే ఎక్కింది.

మూడు వారాల తరువాత కొలతల కోసం వాళ్ళు మళ్ళీ వచ్చారు. పాపకు చొక్కా మార్చడం, పాలు పట్టడం, భుజం మీద వేసుకుని వీపు నిమరడం, తల్లి అన్నీ చేస్తూనే ఉంది. కానీ ఒక్క మాట లేదు. పసిపిల్లల తల్లులను ఇన్నేళ్ళుగా చూస్తున్న ఉష్షక్కకు అది వెంటనే కొట్టొచ్చినట్టు కనపడింది. ఏ తల్లయినా బిడ్డతో అర్థం పర్థం లేని కబుర్లు ఎన్నో చెప్తుంది. ఈమె మూటను సర్దినట్టు, జాగ్రత్తగా, మౌనంగా సర్దుతోంది.

"మా కోడలి నోరు పడిపోయిందమ్మా," అంది అత్తగారు. "పాపతో మాట్లాడవే అంటే, వినపడని దానికి ఏం చెప్పను అత్తయ్యా అంటుంది. రాత్రీ పగలూ ఇల్లు బావురుమంటోంది."

"మొహం చూస్తుంది కదమ్మా, మాట్లాడు," అంది ఉష్షక్క.

"చూస్తుందక్కా," అంది తల్లి. "నా నోరు ఊరికే ఆడటం చూస్తుంది. అది తల్చుకుంటే నాకు మాట రావట్లేదు."

ఆ రోజు ఇంటికి వెళ్ళాక అత్తగారి టీవీ హోరు కూడా ఉష్షక్క చెవిన పడలేదు. అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది.

"ఏంటే, ఎవరైనా ఏమైనా అన్నారా?" అని భర్త వీధి చివరికి వినపడేలా అడిగాడు.

"ఎవరూ ఏం అనలేదు. పై గదికి వెళ్ళాక స్పందన లేదు, స్పందన లేదు అని చెప్పడమే ఎక్కువైపోయింది. పాత గదిలో ఎప్పుడో ఒకటి."

"రోజులు బాలేవేమో."

"రోజులేనా అని," అంది ఉష్షక్క.

అనుమానం తేలడానికి ఎక్కువ కాలం పట్టలేదు. రెండేళ్ళు దాటిన పిల్లాడొకడు మాటలు రావట్లేదని పరీక్షకు వచ్చాడు. వాడికి మందిచ్చి నిద్రపుచ్చి పరీక్ష చేస్తే, ఎంత శబ్దం పెట్టినా తెర మీద అదే గజిబిజి. బిళ్ళలు తీసేసరికి వాడు కళ్ళు మూసుకునే ఏడుపు లంకించుకున్నాడు. తల్లి వెనక నుంచి వంగి, గుసగుసగా, "బిస్కెట్ కావాలా?" అంది. వాడి ఏడుపు టక్కున ఆగింది. కళ్ళు తెరవకుండానే చెయ్యి వెనక్కి చాపాడు.

డాక్టరమ్మ ఉష్షక్క వైపు చూసింది. ఉష్షక్క డాక్టరమ్మ వైపు చూసింది.

"ఇంకోసారి అనండమ్మా," అంది డాక్టరమ్మ.

తల్లి ఈసారి ఇంకా చిన్నగా అంది. చాపిన చెయ్యి వేళ్ళు ఆడించింది.

వాళ్ళను బయట కూర్చోబెట్టి తలుపు వేశాక డాక్టరమ్మ మంచం అంచున కూలబడింది. "వాడు గుసగుస వింటున్నాడు. మన మిషనేమో వాడి చెవి పక్కన డప్పు కొట్టినా వినడంటోంది. ఉష్షక్కా, ఈ గదిలో ఇంక ఏ బిడ్డనీ పడుకోబెట్టొద్దు. ముందు గదికి పరీక్ష చేద్దాం."

"మేడమ్, ఇక్కడికొచ్చాక చేసిన పిల్లలందరూ…"

"తెలుసు. అందర్నీ మళ్ళీ పిలుద్దాం. కానీ ఏం చెప్పి పిలవాలో ముందు మనకి తెలియాలిగా."

ఆ మధ్యాహ్నం నుంచే పని మొదలైంది. పరీక్షకు మొదట పడుకున్నది ఉష్షక్కే. తన చెవులు బాగా పనిచేస్తాయని ఆమెకు తెలుసు, ఇంట్లో ఉన్న సంతే దానికి సాక్ష్యం. కొత్త మంచం మీద ఆమె పడుకుంటే డాక్టరమ్మ బిళ్ళలు అతికించి శబ్దం పెట్టింది. టిక్కు టిక్కులు ఆమెకు స్పష్టంగా వినిపిస్తూనే ఉన్నాయి. తెర మాత్రం ఆమెకూ వినపడదనే చెప్పింది.

"నేనూ చెవిటిదాన్నేనన్నమాట," అంది ఉష్షక్క, తల తిప్పకుండా. డాక్టరమ్మ నవ్వలేదు. ఇద్దరికీ ఒకేసారి గుండె తేలికపడి, మరుక్షణమే బరువెక్కింది. తప్పు గదిదేనంటే, తాము చెప్పిన మాటలు నమ్మి ఎన్ని ఇళ్ళలో ఏమేం జరుగుతున్నాయో.

తరువాత ఉష్షక్క లేచి, మూడు వైర్ల చివరలనూ ఒకదానికొకటి ఆనించి, ఒక క్లిప్పుతో బిగించింది. మనిషి లేకుండా మిషను తనను తాను వినేటట్టు. గీత చదునుగా, శుభ్రంగా వచ్చింది. అంటే మిషను గుణం మంచిదే. గోల బయట నుంచి వైర్లలోకీ మనిషి ఒంట్లోకీ దూరుతోంది.

అక్కడ కరెంటు బాబాయ్ అవసరం పడింది. ఆసుపత్రి వైరింగు చూసే ఆయనకు ఇంకొన్నాళ్ళలో పదవీ విరమణ. మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసపడుతూ, "ఏంటమ్మాయ్, బల్బు పోయిందా?" అన్నాడు.

"బల్బులన్నీ బాగానే ఉన్నాయి బాబాయ్. ఒక్కొక్కటీ ఆర్పాలి."

ఆయన ఆమెను కాసేపు ఎగాదిగా చూశాడు. సంగతంతా విన్నాక స్క్రూడ్రైవరు చెవి మీద నుంచి తీసి చేతిలోకి తీసుకున్నాడు.

ఉష్షక్క మళ్ళీ బిళ్ళలు పెట్టించుకుని పడుకుంది. ఒక్కొక్కటీ ఆపుతూ, ఆపినప్పుడల్లా తెర చూస్తూ పోయారు. దీపాలు ఆర్పితే గజిబిజి కొంచెం తగ్గింది. మంచం ప్లగ్గు పీకితే ఇంకొంత. మీట నొక్కకపోయినా దాని మోటారుకు కరెంటు అందుతూనే ఉంది, బిడ్డ తల సరిగ్గా దాని మీదే. బిడ్డ ఒంటి మీది వైర్లు వల పరిచినట్టు దూరదూరంగా వేలాడుతుంటే, ఆ ఖాళీలోకి గదిలోని కరెంటంతా చేపల్లా వచ్చి పడుతోంది. పాత గదిలో చోటు చాలక వైర్లు దగ్గరగా చుట్టి ఉండేవి. ఉష్షక్క లేచి కూర్చుని, మూడు వైర్లనూ మెడ దాకా గట్టిగా జడ అల్లేసి మళ్ళీ పడుకుంది.

"నా మనవరాలికి కూడా ఇంత బాగా వెయ్యరు," అన్నాడు కరెంటు బాబాయ్.

ఆయన పట్టుకున్నది ఇంకొకటి. మిషను ఒక గోడ ప్లగ్గులో, కంప్యూటరు ఎదుటి గోడ ప్లగ్గులో ఉన్నాయి. రెండింటినీ కలుపుతూ ఒక తీగ. "ఈ గోడ ఎర్తు ఇటు కరెంటు పెట్టె నుంచి వస్తుంది, ఆ గోడ ఎర్తు లిఫ్టు పెట్టె నుంచి," అన్నాడు. "రెండూ భూమేగా అనుకుంటాం. రెండింటి మధ్యా కాస్త తేడా ఉంటుందమ్మాయ్. ఆ తేడా కరెంటంతా మీ తీగలోంచే తిరుగుతోంది." అన్నింటినీ ఒకే ప్లగ్గు పలకలో గుచ్చాడు. తెర మీద పెద్ద అలజడి ఒకటి ఒక్కసారిగా అణిగిపోయింది.

డాక్టరమ్మ ఉష్షక్క ఒంటి మీది మూడు బిళ్ళలూ తీసి, చర్మాన్ని గరుకు పేస్టుతో బాగా రుద్ది మళ్ళీ అతికించింది. గట్టిగా రుద్దితే బిడ్డలు ఏడుస్తారని నర్సులు ఈ మధ్య తడిగుడ్డతో తుడిచి ఊరుకుంటున్నారు. చర్మం మీద నూనె, మట్టి ఉంటే బిళ్ళకు పట్టు సరిగ్గా దొరకదు. అది కూడా మూడు చోట్లా ఒకేలా దొరకాలి. ఒకచోట గట్టిగా, ఇంకోచోట వదులుగా ఉంటే, రెండు వైపులా సమానంగా వచ్చి చెల్లిపోవలసిన గోల చెల్లకుండా మిగిలిపోతుంది.

ఇంత చేసినా గుట్ట లేవలేదు. ఇప్పుడు గజిబిజి లేదు, దాని బదులు తీరైన అలలు. ఎన్ని వేలసార్లు సగటు తీసినా అవే అలలు, అదే ఎత్తులో.

డాక్టరమ్మ తెర మీదికి వంగింది. "గోల అయితే సగటులో తగ్గాలి," అంది. "ఇది తగ్గట్లేదు. అంటే ఇది ప్రతి టిక్కుకీ ఒకేచోట వస్తోంది. టిక్కు ఎంత వేగంతో పెడుతున్నాం?"

ఉష్షక్క పడుకునే తల తిప్పి తెర మూల చూసింది. "ఇక్కడ గుండుగా ఒక అంకె ఉంది మేడమ్. పాత ప్రోగ్రాములో ఇలా ఉండేది కాదు. చుక్క పెట్టి, పక్కన ఏదో తోక అంకె ఉండేది. నాకు పని నేర్పినాయన, తోక కత్తిరించొద్దు అనేవాడు. ఎందుకో అడగలేదు."

"అదే." డాక్టరమ్మ లేచి నిలబడింది. "గోడలో కరెంటు కూడా సెకనుకి యాభైసార్లు తాళం వేస్తూనే ఉంటుందిగా. మన టిక్కులు దాని తాళంలో సరిగ్గా పడుతున్నాయి. ప్రతి టిక్కుకీ కరెంటు అల అదే చోట ఉంటోంది, కొట్టుకుపోవాల్సింది పేరుకుపోతోంది. సంతలో అందరూ ఒకే మాట ఒకేసారి అరిస్తే సగటు ఏం చేస్తుంది?"

అంకెకు తోక తగిలించింది. టిక్కులు తాళం తప్పాయి. అలలు ఒక్కో వంద టిక్కులకీ కాస్త కాస్త చదునవుతూ వచ్చాయి. అవి అణిగిన చోట, ఉండవలసిన చోటే, గుట్ట ఒకటి మెల్లగా లేచింది.

"నాకు వినపడుతోంది," అంది ఉష్షక్క.

మిగిలింది లిఫ్టు. గోడ అవతలే దాని మోటారు. అది కదిలినప్పుడల్లా గీత పిచ్చెత్తినట్టు ఎగిరిపడుతోంది. దానికి ఆ గదిలో మందు లేదు. కరెంటు బాబాయ్ గోడ మీద అరచెయ్యి ఆనించి, "పరీక్ష జరిగినంతసేపూ లిఫ్టు నాది," అన్నాడు.

మొదట పిలిపించింది కుట్టుపని అమ్మాయినే. ఏమీ ఆశ పెట్టలేదు. మొదటి పరీక్షలో మా గది తప్పులున్నాయని తేలింది, మళ్ళీ చెయ్యాలి, అంతవరకే డాక్టరమ్మ ఫోనులో చెప్పింది. వాళ్ళు మధ్యాహ్నం పాలవేళకు వచ్చారు. పేస్టుతో రుద్దుతుంటే పాప ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడ్చింది. తరువాత పాలు తాగి, తల్లి భుజం మీద వెక్కుతూ వెక్కుతూ సోలిపోయింది. తల్లి ఊపుతోందే తప్ప జోల లేదు.

మూడో అంతస్తు వరండాలో కరెంటు బాబాయ్ లిఫ్టు తలుపు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. భారీ మనిషి ఒకాయన కింద నుంచి మీట నొక్కీ నొక్కీ, చివరికి మెట్లెక్కి రొప్పుతూ పైకి వచ్చి, "ఏం బాగుచేస్తున్నారయ్యా, ఖాళీగా కూర్చుని?" అన్నాడు.

"చెవి, సార్," అన్నాడు కరెంటు బాబాయ్ గుసగుసగా. "కాస్త మెల్లగా."

లోపల ఉష్షక్క ముందు పాప కుడి చెవిలో శబ్దం పెట్టింది. దీపాలు లేవు, తెర వెలుగు ఒక్కటే. వందలు దాటాయి, వేలు దాటాయి. గుట్ట లేచింది. ఆమె నమ్మలేదు. అంతగా కావాలనుకున్నప్పుడు గోడ మీది మరకలో కూడా గుట్ట కనపడుతుందని ఆమెకు తెలుసు. మళ్ళీ మొదటి నుంచి చేసింది. రెండో గీత మొదటిదాని మీద అచ్చు గుద్దినట్టు కూర్చుంది. అయినా నమ్మలేదు. శబ్దం వెళ్ళే మెత్తటి గొట్టాన్ని రెండు వేళ్ళతో నొక్కి పట్టింది. టిక్కులు వెళ్తున్నట్టు మిషను అనుకుంటుంది, చెవికి మాత్రం చేరవు. గుట్ట నిజంగా చెవిదే అయితే ఇప్పుడు రాకూడదు.

రాలేదు. గీత చదునుగా పడుకుంది. వేళ్ళు వదిలింది. గుట్ట లేచింది.

శబ్దం తగ్గించింది. గుట్ట కాస్త చిన్నదై, కాస్త ఆలస్యంగా వచ్చింది, దూరం నుంచి పిలిస్తే ఒక క్షణం ఆగి పలికినట్టు. ఇంకా తగ్గించింది. ఇంకా చిన్నది, ఇంకా ఆలస్యం, కానీ ఉంది. గుసగుసంత శబ్దానికి కూడా ఉంది. వెనక నిలబడిన డాక్టరమ్మ ఏమీ అనలేదు, బిడ్డ నిద్రపోతోంది కదా. ఉష్షక్క భుజాన్ని మాత్రం గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగిన గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి.

ఎడమ చెవిలో పెద్ద శబ్దాలకు గుట్ట బాగానే వచ్చింది, చిన్నవాటికి రాలేదు. డాక్టరమ్మ చెవిలోకి లైటు వేసి చూసి, కర్ణభేరి వెనక నీరు చేరిందంది. జలుబు చేసిన పిల్లలకు మామూలే. చాలావరకు దానంతటదే తగ్గుతుంది, తగ్గకపోయినా దారి ఉంది.

వరండాలో బల్ల మీద అత్తాకోడళ్ళు ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. డాక్టరమ్మ వాళ్ళ ముందు కిందే చతికిలబడి కూర్చుంది.

"పాపకి వినపడుతోందమ్మా. కుడి చెవి చక్కగా ఉంది. ఎడమ చెవిలో కాస్త నీరుంది, అది చూసుకుందాం. మొదటిసారి మేం చెప్పింది తప్పు. మా గదిలో కరెంటు గోల పాప జవాబుని మింగేసింది. మిమ్మల్ని ఇన్నాళ్ళు బాధపెట్టాం, క్షమించండి."

తల్లి అర్థం కానట్టు ఉష్షక్క వైపు చూసింది. "అంటే?"

"అంటే వింటోంది," అంది ఉష్షక్క. "మొదటి నుంచీ వింటోంది."

తల్లి ఒళ్ళో నిద్రపోతున్న పాపను చూసుకుంది. "అయితే నేను రాత్రుళ్ళు ఏడ్చింది కూడా వినిందా అక్కా?" అంది.

ఉష్షక్క పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేసింది. "వినే ఉంటుంది. వాళ్ళకి అవేం గుర్తుండవులే. ఇక నుంచి ఇంకేమైనా వినిపించు."

నాయనమ్మ అప్పటికే కొడుక్కు ఫోను కలిపేసింది. అవతల పని చోట రొద కాబోలు. "ఒరేయ్, వినపడుతోందట్రా. వినపడుతోందంట. అది కాదురా, పాపకి. ఏంటి? ఏంట్రా, నీకు వినపడదా?" అంటూ గొంతు పెంచేసరికి పాప ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంది. ఆ ఉలికిపాటు చూసి తల్లి పకపకా నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

లిఫ్టు ఇంకా కరెంటు బాబాయ్ చేతిలోనే ఉంది, వాళ్ళు మెట్ల మీదుగా దిగారు. దిగుతూ దిగుతూ తల్లి పాపతో మాట్లాడటం మొదలుపెట్టింది. ఏం చెప్పాలో తోచక కనిపించినవన్నీ చెప్పింది. ఇది మెట్టు, ఇది ఇంకో మెట్టు, అదుగో కిటికీ, ఆ అంకుల్ చూడు ఎలా రొప్పుతున్నాడో, మీ నాన్న వస్తే ఈ గోడకి రంగు వేయిస్తానే, ఏ రంగు కావాలి నీకు. మాటలు రెండో అంతస్తు దాటి, మొదటి అంతస్తు దాటి, కింది హాలులో కలిసిపోయేదాకా ఉష్షక్క మెట్ల దగ్గరే నిలబడింది.

ఆ తరువాత కొన్ని వారాలు ఆ గదిలో పరీక్ష చేయించుకున్న పిల్లలందరినీ ఒక్కొక్కరినీ పిలిచారు. బిస్కెట్ పిల్లాడికి చెవులు భేషుగ్గా ఉన్నాయని తేలింది, మాటల కోసం వేరే వైద్యానికి పంపారు. చాలామంది ఇళ్ళకు తేలిక మనసులతో వెళ్ళారు. అందరూ కాదు. ఒక ఆడపిల్లకు ఎంత శుభ్రంగా చేసినా, గది ఎంత అణిగినా, గుట్ట రాలేదు. ఆ పిల్ల తండ్రి బస్టాండులో పళ్ళు అమ్ముతాడు. తెర ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఇది కూడా మిషను తప్పు కాదని ఏంటి నమ్మకం?" అని అడిగాడు. అడగవలసిన ప్రశ్నే.

ఉష్షక్క అదే వైర్లు తన నుదుటికీ చెవుల వెనకా అతికించుకుని, అదే మంచం మీద పడుకుని, అదే శబ్దం పెట్టించుకుంది. గుట్ట లేచింది. గొట్టం ఆయన చేతికే ఇచ్చి నొక్కమంది. పోయింది. వదలమంది. వచ్చింది. ఆయన రెండుమూడు సార్లు నొక్కీ వదిలీ చూశాడు.

"సరేనమ్మా," అన్నాడు చివరికి. "ఇప్పుడు తెలిసిపోయింది. అవునా కాదా అని కొట్టుకోవడం కన్నా ఇదే నయం. ఇక ఏం చెయ్యాలో చెప్పండి."

ఆ పిల్లకు ఆ నెలలోనే చెవి మిషన్లు అమర్చారు. బస్టాండు హారన్లు మొదటిసారి విని భయపడి తండ్రి లుంగీ పట్టుకుందట, ఆయనే వచ్చి చెప్పి వెళ్ళాడు.

డాక్టరమ్మ పైవాళ్ళతో మాట్లాడి పరీక్ష గదిని తిరిగి కింది అంతస్తుకు, దుప్పట్ల కొట్టు పక్కకే తెప్పించింది. మీట మంచం పైనే ఉండిపోయింది, ఉష్షక్క నడుం నొప్పి తిరిగొచ్చింది. కంపెనీకి రాస్తే వాళ్ళు ప్రోగ్రాములో అంకె మార్చి పంపారు. పదవీ విరమణకు ముందు కరెంటు బాబాయ్ కింది గదిలో అన్ని ప్లగ్గులూ ఒకే పలకకు తెచ్చి, దానికి వేరే ఎర్తు వేసి, దాని మీద ఇంకెవరూ ఫ్యాను కూడా గుచ్చకూడదని ఆయాలను బెదిరించి మరీ వెళ్ళాడు.

ఉష్షక్క ఈ సంగతంతా ఇంట్లో చెప్పిన రోజు భర్త మొత్తం విని, "అయితే మన అమ్మ మిషను కూడా ఓసారి చూడకూడదూ, అదే బాలేదేమో," అన్నాడు. చూస్తే నిజంగానే అది ఈలలు వేస్తోంది. చెవిలో కూర్చునే అచ్చు వదులై సందులోంచి శబ్దం బయటకు వచ్చి మళ్ళీ లోపలికి దూరుతోంది. కొత్త అచ్చు పెట్టించాక అత్తగారు దాన్ని రోజుకు కొంచెంసేపైనా ఉంచుకుంటోంది. టీవీ శబ్దం తగ్గింది. కొడుకు గొంతు మాత్రం మొదటిసారి సరిగ్గా విని, "వీడేంటే, ఇలా అరుస్తాడు?" అని కోడలిని అడిగింది.

కుట్టుపని అమ్మాయి ఎడమ చెవి పరీక్షకు మళ్ళీ వచ్చింది, ఈసారి భర్తతో. అతని గోళ్ళ కింద ఆకుపచ్చ రంగు ఇంకా పోలేదు. పాప ఇప్పుడు కూర్చుంటోంది, చేతికందిన ప్రతిదాన్నీ లాగుతోంది. బిళ్ళల వైర్లు రెండుసార్లు పీకేసింది. మూడోసారికి నిద్రపోయింది. ఎడమ చెవి గుట్ట గుసగుస శబ్దానికి కూడా వచ్చి కుడి చెవి గీత పక్కన సమానంగా నిలబడింది. డాక్టరమ్మ చూసి సంతకం చేసింది. తండ్రి ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని ఎంతో శ్రద్ధగా చూశాడు. ఉష్షక్క దాన్ని తిప్పి ఆయన చేతిలో పెట్టి, తరువాతి బిడ్డ కోసం మంచం మీద దుప్పటి మార్చింది.